మూసీ వరదను లెక్కగట్టిన మహా ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య

(సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్, సెప్టెంబరు 14: భారతరత్న సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మదినమైన సెప్టెంబరు 15వ తేదీని 1968 నుండి దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకోవడం ఆనవాయితీగా వస్తున్నది. కృష్ణరాజసాగర్ నిర్మాతగా, మైసూరు సంస్థాన దివానుగా ఆయన కీర్తి జగద్విదితం. కాగా 1909వ సంవత్సరంలో సుమారు ఏడు నెలల పాటు హైదరాబాదులో ఉండి ఆయన నిర్వర్తించిన ఒక కర్తవ్యం తెలుగు ప్రజల జీవితంతో నేరుగా ముడిపడి ఉన్నది. ఒక మహానగరం వరదకు బలి అయిన మరుసటి సంవత్సరం, అటువంటి వరద తిరిగి వస్తే నగరం ఏ విధంగా నిలబడాలో ఆయన అంకెలతో సహా నిర్ణయించి ప్రభుత్వానికి సమర్పించారు. వాతావరణ మార్పుల మూలంగా కుండపోత వర్షాలు తరచుగా సంభవిస్తున్న ఈ కాలంలో, నీటి సరఫరా, మురుగు పారుదల, వంతెనలు, ఆసుపత్రుల వంటి మౌలిక వసతులను కాపాడవలసిన స్థానిక సంస్థలకు ఆ మహనీయుని జీవితం ఒక పాఠ్యగ్రంథం వంటిది.

బాల్యం, విద్యాభ్యాసం

విశ్వేశ్వరయ్య పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. ఆ గ్రామం పేరే వారి ఇంటిపేరు అయినది. తరువాతి కాలంలో ఈ కుటుంబం మైసూరు సంస్థానానికి తరలివెళ్లి, చిక్కబళ్లాపురం సమీపంలోని ముద్దేనహళ్లిలో స్థిరపడింది. 1860వ దశకం తొలినాళ్లలో ఆ గ్రామంలోనే విశ్వేశ్వరయ్య జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన విశ్వేశ్వరయ్య బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదువు సాగించారు. 1881లో సెంట్రల్ కాలేజీ నుండి బి.ఏ. పట్టా పొందారు. అనంతరం మైసూరు ప్రభుత్వ ఉపకారవేతనంతో పూనాలోని సైన్స్ కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి, 1883లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు. 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా నాసిక్‌లో ఉద్యోగంలో చేరారు.

పురపాలక సంఘాల ఇంజనీరుగా తొలి అనుభవం

ఉద్యోగ జీవితపు తొలి దశలోనే ఆయనకు స్థానిక సంస్థల ఇబ్బందులు స్వయంగా తెలిసివచ్చాయి. సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి తాగునీటి పథకం రూపొందించే బాధ్యత 1894లో ఆయనకు అప్పగించబడింది. నది నీరు బురదమయం. వడపోత చెరువులను నిర్మించుకునే ఆర్థిక స్తోమత అక్కడి పురపాలక సంఘానికి లేదు. నదీగర్భంలోని ఇసుక పొరలే సహజమైన వడపోత యంత్రంగా పనిచేయగలవని గ్రహించిన విశ్వేశ్వరయ్య నదీగర్భంలోనే బావిని నిర్మింపజేసి, అందులోకి ఊరిన నిర్మలమైన నీటిని సొరంగ మార్గం ద్వారా ఒడ్డుకు చేర్చి పట్టణానికి అందేటట్లు చేశారు. స్థానిక సంస్థ భరించగలిగినంత ఖర్చులోనే, ప్రకృతి ధర్మాన్ని ఆసరాగా తీసుకొని పనిని సాధించిన తీరు ఇంజనీర్ల లోకాన్ని ఆకర్షించింది.

పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయం వద్ద ఆయన అమర్చిన స్వయంచాలక గేట్లు మరొక ముఖ్య ఘట్టం. పూనా నగరానికి, సాగుకు మరింత నీరు అవసరమైనది. ఆనకట్ట ఎత్తు పెంచకుండా అదనపు నీటిని నిలువ చేయాలంటే అలుగుపై గేట్లు పెట్టాలి. అయితే వరద వచ్చిన రాత్రి ఆ గేట్లను సకాలంలో ఎత్తకపోతే కట్టకే ముప్పు వాటిల్లుతుంది. ఈ చిక్కును పరిష్కరించడానికి, నీరు నిర్ణీత మట్టానికి చేరగానే తమంతట తామే తెరుచుకొని, వరద తగ్గగానే తిరిగి మూసుకునే గేట్లను విశ్వేశ్వరయ్య రూపొందించారు. 1903 నాటికి అమలులోకి వచ్చిన ఈ గేట్లు అలుగుపై సుమారు 8 అడుగుల మేర అదనపు నీటిని నిలిపాయి. దాహం తీర్చడానికి నీటిని నిలపడం, ప్రాణరక్షణకు అదే నీటిని వదలడం అనే రెండు అవసరాలు ఒకే జలాశయంలో పోటీ పడతాయన్న సంగతి ఆయనకు హైదరాబాదు రాకమునుపే బాగుగా తెలుసు.

అనంతరం 1906లో ఏడెన్ పట్టణానికి వెళ్లి అక్కడి తాగునీటి, మురుగునీటి పథకాలపై సలహాలు అందించారు. 1908లో బొంబాయి ప్రభుత్వ సర్వీసు నుండి వైదొలగి విదేశీ పర్యటనకు బయలుదేరారు. ఆయన ఐరోపాలో ఉన్న సమయంలోనే హైదరాబాదు నగరంపై ఘోర విపత్తు విరుచుకుపడింది.

1908 సెప్టెంబరు 28

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ నది, దానితో నగరం ఎగువన కలిసే ఈసీ నది సాధారణ రోజులలో సన్నని ప్రవాహాలే. 1908 సెప్టెంబరు చివరి వారంలో ఈ రెండు నదుల పరీవాహక ప్రాంతంపై అసాధారణ వర్షం కురిసింది. శంషాబాద్ వద్ద 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాల వర్షపాతం నమోదైనది. నేటి కొలతలలో చెప్పాలంటే రెండు రోజులలో దాదాపు 48 సెంటీమీటర్లు. సెప్టెంబరు 28వ తేదీన మూసీ ఇరుగట్లు దాటి నగరంలోకి ప్రవేశించింది.

ఘాన్సీబజార్, కోల్సావాడి వంటి నదీతీర పేటలు నేలమట్టమయ్యాయి. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు వరద తాకిడికి ధ్వంసమై, నగరపు రెండు భాగాల మధ్య రాకపోకలు తెగిపోయాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూడా వరద పాలైనది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలోని ఆ వృక్షం నాటి విషాదానికి సాక్షిగా ప్రసిద్ధికెక్కినది. ఈ వరదలో దాదాపు 15 వేల మంది మరణించినట్లు, 19 వేల ఇళ్లు కూలినట్లు, 80 వేల మంది నిరాశ్రయులైనట్లు అంచనా. 1901 జనాభా లెక్కల ప్రకారం నాటి నగర జనాభా నాలుగున్నర లక్షలు మాత్రమే అన్న సంగతి గుర్తుంచుకుంటే నష్టం తీవ్రత అర్థమవుతుంది.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ తన ప్రాసాదాల తలుపులు బాధితులకు తెరిపించి, అన్నదాన కేంద్రాలను ఏర్పాటు చేయించారు. సహాయక చర్యలు ఒక ఎత్తు కాగా, నగరాన్ని భవిష్యత్తులో ఎట్లా కాపాడాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్నగా నిలిచింది. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడానికి నిజాం ప్రభుత్వం విదేశాలలో ఉన్న విశ్వేశ్వరయ్యకు తంతి ద్వారా ఆహ్వానం పంపింది. ఆయన తన పర్యటన ముగించుకొని 1909 ఏప్రిల్ 15న హైదరాబాదు చేరుకున్నారు.

వరదను కొలిచిన విధానం

విశ్వేశ్వరయ్య మొట్టమొదట చేసిన పని కొలతలు సేకరించడం. ఏయే ప్రాంతంలో ఎంత వర్షం కురిసింది, నది ఏ మట్టం వరకు లేచింది, ఏ వంతెన వద్ద ప్రవాహ వేగం ఎంత, ఎగువ నుండి నీరు నగరానికి ఎన్ని గంటలలో చేరింది అనే అంశాలను ఆయన వరుసగా పరిశీలించారు. నగరం ఎగువన మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లు. నగరం వద్ద వరద గరిష్ఠ ప్రవాహం సెకనుకు 4,25,000 ఘనపుటడుగులుగా, అనగా నాలుగు లక్షల పాతిక వేల క్యూసెక్కులుగా తేలింది.

ఈ పరిశీలనలో చెరువుల సంగతి ప్రత్యేకంగా పేర్కొనదగినది. పరీవాహక ప్రాంతంలో మొత్తం 788 చెరువులు ఉన్నాయి. అంటే దాదాపు చదరపు మైలుకు ఒక చెరువు. పూర్వులు గొలుసుకట్టుగా నిర్మించిన ఈ చెరువులు మామూలు వర్షాన్ని నిలిపి సాగుకు, తాగునీటికి ఆధారమయ్యేవి. ఆ రెండు రోజుల కుండపోతలో వీటిలో 221 చెరువుల కట్టలు తెగిపోయాయి. పై చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువుపై పడుతుంది. దాని అలుగు అంత నీటిని మోయలేక కట్ట తెగుతుంది. వర్షపు నీటికి తెగిన చెరువుల నీరు తోడై నగరంపై పడినందువల్లనే ప్రళయం అంత తీవ్రమైనది. వానను ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. చెరువు కట్ట, అలుగు, తూము మాత్రం మనుషుల నిర్వహణలో ఉండే వసతులు.

నివేదికలోని సిఫారసులు

1909 అక్టోబరు 1న విశ్వేశ్వరయ్య తన నివేదికను నిజాం ప్రభుత్వానికి సమర్పించారు. నగరానికి ఎగువన మూసీ నదిపై ఒకటి, ఈసీ నదిపై ఒకటి చొప్పున రెండు జలాశయాలు నిర్మించి, వరద ఉధృతిని అక్కడే పట్టి ఉంచి, నగరంలోని నదీమార్గం భరించగలిగినంత నీటినే దిగువకు వదలాలన్నది అందులోని ప్రధాన సిఫారసు. నగరం పొడవునా నది గట్లను ఎత్తు చేసి, గోడలతో పటిష్ఠపరచి, వాటి వెంబడి విశాలమైన రహదారులను, ఉద్యానవనాలను ఏర్పాటు చేయాలన్నది రెండవది. నదీతీరం ఖాళీగా, అందంగా, ప్రజలు తిరిగేందుకు అనువుగా ఉంటే అక్కడ ఇళ్లు వెలిసే అవకాశం తగ్గుతుంది. దీనితో పాటు నగరమంతటికీ భూగర్భ మురుగునీటి పారుదల వ్యవస్థ అవసరాన్ని కూడా ఆయన నొక్కిచెప్పారు.

వరద రక్షణ, తాగునీరు, పారిశుధ్యం, నగర సౌందర్యం అనే నాలుగు అంశాలను వేర్వేరు శాఖల వ్యవహారాలుగా చూడక, ఒకే ప్రణాళికలో కూర్చడం ఈ నివేదిక విశిష్టత. నివేదిక సమర్పించిన మరుసటి నెలలోనే ఆయన మైసూరు సంస్థాన చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. అయినప్పటికీ పథకం ఆగలేదు. 1911లో సింహాసనం అధిష్ఠించిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. అదే కాలంలో మూసీపై గండిపేట వద్ద జలాశయ నిర్మాణం మొదలై 1920లో ఉస్మాన్‌సాగర్ పూర్తయినది. ఈసీపై హిమాయత్‌సాగర్ నిర్మాణం 1927లో పూర్తయినది. హైదరాబాదు చీఫ్ ఇంజనీరుగా పేరుగాంచిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ కృషి ఈ దశలో చిరస్మరణీయం. ఆయన జన్మదినమైన జూలై 11వ తేదీని తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరపడం 2014లో ప్రారంభమైనది. మురుగు పారుదల పనుల నిమిత్తం 1922లో విశ్వేశ్వరయ్యను హైదరాబాదు తిరిగి ఆహ్వానించింది.

వరద వచ్చిన నాటి నుండి మొదటి జలాశయం పూర్తి కావడానికి 12 సంవత్సరాలు, రెండవది పూర్తి కావడానికి 19 సంవత్సరాలు పట్టింది. ఈ మధ్యకాలంలో పాలకుడు మారాడు, ప్రపంచయుద్ధం వచ్చిపోయింది, పథక రూపకర్త మరొక రాజ్యంలో ఉన్నారు. విపత్తు జ్ఞాపకం చల్లారిన తరువాత కూడా పని కొనసాగిందంటే అందుకు లిఖితపూర్వకమైన లెక్క ఉండడం, దానిని అమలు చేసే ప్రత్యేక సంస్థ ఉండడం ముఖ్య కారణాలని భావించవచ్చు.

మైసూరులో స్థానిక స్వపరిపాలనకు పునాది

మైసూరులో విశ్వేశ్వరయ్య సేవలు సుప్రసిద్ధాలు కనుక ఇక్కడ క్లుప్తంగా పేర్కొనడమైనది. 1911లో కావేరిపై కృష్ణరాజసాగర్ నిర్మాణం ఆయన పర్యవేక్షణలో ప్రారంభమైనది. 1912 నుండి 1918 వరకు దివానుగా ఆయన విద్య, పరిశ్రమలు, బ్యాంకింగు రంగాలకు గట్టి పునాదులు వేశారు. ఆయన హయాంలోనే గ్రామాభివృద్ధి పథకం అమలులోకి వచ్చింది. స్థానిక బోర్డులు, గ్రామ పంచాయతీలకు సంబంధించిన శాసనం 1918లో వెలువడింది. గ్రామ రహదారి, బావి, చెరువు వంటి వసతుల నిర్వహణ ఆ గ్రామస్థుల బాధ్యతలో ఉంటేనే అవి నిలుస్తాయని ఆయన విశ్వసించారు. 1915లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదునిచ్చింది.

పదవీ విరమణ అనంతరం కూడా ఆయన విశ్రాంతి ఎరుగరు. 1937లో ఒరిస్సాలో మహానది వరదలు ముంచెత్తినప్పుడు అక్కడి ప్రభుత్వ ఆహ్వానంపై డెల్టా ప్రాంతంలో పర్యటించి నివేదికలు సమర్పించారు. డెల్టాలో కట్టలు పెంచుకుంటూ పోవడంతో సరిపెట్టక, నది ఎగువ భాగంలో జలాశయాల నిర్మాణానికి పరిశోధన జరపాలని సూచించారు. హైదరాబాదులో అనుసరించిన ఆలోచనే ఇక్కడ మరింత పెద్ద నదికి వర్తించింది. 1957లో ప్రారంభమైన హీరాకుడ్ ఆనకట్టకు ఈ సూచన బీజం వేసింది. తొంభై ఏళ్లు దాటిన వయస్సులో, 1952లో, బీహారులో గంగానదిపై మొకామా వంతెన స్థల నిర్ణయానికి సంబంధించి ఆయన స్వయంగా పర్యటించడం విశేషం. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న పురస్కారంతో సత్కరించింది. నిండు నూరేళ్లు జీవించిన ఆ కర్మయోగి 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో పరమపదించారు.

జంట జలాశయాలు: అనంతర చరిత్ర

ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటి మట్టం 1790 అడుగులు, నిలువ సామర్థ్యం సుమారు 3.9 టి.ఎం.సి.లు. హిమాయత్‌సాగర్ పూర్తి నీటి మట్టం 1763.5 అడుగులు, సామర్థ్యం దాదాపు 2.97 టి.ఎం.సి.లు. రెండూ కలిపి ఏడు టి.ఎం.సి.లకు కొంచెం తక్కువ. దశాబ్దాల పాటు నగర దాహార్తిని ఇవే తీర్చాయి. మంజీరా, సింగూరు, ఆ తరువాత కృష్ణా, గోదావరి జలాలు నగరానికి చేరేవరకు గండిపేట నీరంటే నగరవాసులకు ఒక గర్వకారణం.

ఈ కీర్తి వెనుక ఒక చిక్కు దాగి ఉన్నది. తాగునీటి జలాశయం వర్షాకాలం చివరికి నిండుగా ఉండాలి. వరద నియంత్రణ జలాశయంలో అదే కాలంలో ఖాళీ ఉండాలి. 1908 వరద సెప్టెంబరు చివరలోనే వచ్చింది. నాటి గరిష్ఠ ప్రవాహమైన 4,25,000 క్యూసెక్కులు ఎడతెగక వచ్చినట్లయితే, పూర్తిగా ఖాళీగా ఉన్న రెండు జలాశయాలూ ఐదు గంటలలోపే నిండిపోతాయి. వాస్తవంలో వరద అంతసేపు అదే ఉధృతితో రాదు, గేట్ల ద్వారా కొంత నీరు దిగువకు వెళుతుంది కూడా. అయినా జలాశయాలు ముందే నిండి ఉంటే అధికారుల చేతిలో మిగిలే వ్యవధి ఎంత స్వల్పమో ఈ చిన్న లెక్క తెలియజేస్తుంది. ఎంత నీరు ఉంచాలి, ఎప్పుడు వదలాలి, ఎవరికి ముందుగా తెలియజేయాలి అనే నిర్ణయాలు వర్షం మొదలు కాకముందే రాతపూర్వకంగా ఉండవలసిన అవసరం ఇక్కడే ఉన్నది.

జలాశయాల పరీవాహక ప్రాంత పరిరక్షణకై 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నెంబరు ఉత్తర్వును జారీ చేసి, పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్య కారక పరిశ్రమలు, భారీ నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. ఈ జలాశయాల రక్షణ ఆవశ్యకతను 2000వ సంవత్సరంలో సుప్రీంకోర్టు సైతం సమర్థించింది. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నెంబరు ఉత్తర్వు ద్వారా ఈ ఆంక్షలను తొలగించి, జలాశయాల రక్షణకు ఇతర చర్యలను సూచించింది. ఉత్తర్వుల సంగతి ఏమైనప్పటికీ, పరీవాహక ప్రాంతంలో పడిన చినుకు ఇంకే నేల ఎంత, కాంక్రీటుపై జారి వేగంగా నాలా చేరే నేల ఎంత అన్న ప్రశ్న ఇంజనీర్ల ముందు ఎల్లప్పుడూ ఉంటుంది.

మారిన వాతావరణం, పెరిగిన నగరం

2000 ఆగస్టు 24న బేగంపేట వద్ద 24 గంటలలో 24.15 సెంటీమీటర్ల వర్షం కురిసి నగరం అతలాకుతలమైనది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో మరొక కుండపోత నగరాన్ని ముంచెత్తింది. దశాబ్దం తరువాత హిమాయత్‌సాగర్ గేట్లు తెరవవలసి వచ్చింది. 2025 సెప్టెంబరు చివరి వారంలో జంట జలాశయాల నుండి విడుదలైన నీటితో మూసీ పొంగి, నది మధ్యనే ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీరు ప్రవేశించి ప్రయాణికులు చిక్కుకుపోయారు. ఈ మూడు సందర్భాలలో వేటిలోనూ 1908 నాటి వర్షపాతం పరీవాహక ప్రాంతమంతటా కురవలేదు. నగర జనాభా మాత్రం 2011 లెక్కల ప్రకారమే 67 లక్షలు దాటింది.

భూతాపం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే అతిభారీ వర్షాల తీవ్రత సుమారు 7 శాతం పెరుగుతుందని అంతర్ ప్రభుత్వ వాతావరణ మార్పుల సంఘం 2021 నివేదికలో పేర్కొన్నది. గతంలో నూరేళ్లకు ఒకసారి వస్తుందని లెక్కించిన వర్షం ఇకమీదట మరింత తరచుగా రావచ్చునని దీని భావం. కనుక పాత వర్షపాత రికార్డుల ఆధారంగా నిర్మించిన నాలాలు, కల్వర్టులు, అలుగుల సామర్థ్యాన్ని కొత్త లెక్కలతో తిరిగి పరీక్షించవలసి ఉన్నది. విశ్వేశ్వరయ్య 1909లో చేసినదీ ఇదే. అంతకుముందు ఎరుగని వర్షాన్ని విడ్డూరంగా పక్కన పెట్టక, దానినే ప్రమాణంగా స్వీకరించి ఆయన కట్టడాలను సూచించారు.

ఒక చెరువు తెగి మరొకదానిని తెంచే ప్రమాదం నేటికీ తొలగలేదని కడప జిల్లా అనుభవం తెలియజేస్తున్నది. 2021 నవంబరు 19న ఎగువన పింఛా కట్ట తెగిన నీరు తోడై చెయ్యేరుపై అన్నమయ్య ఆనకట్ట కొట్టుకుపోయి, దిగువ గ్రామాలలో ప్రాణనష్టం సంభవించింది. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు గండ్ల మూలంగా విజయవాడలోని అనేక కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. ఈ సంఘటనలు జరిగిన స్థలాలు వేరైనా, ఎగువ కట్టడపు స్థితి దిగువ పట్టణపు భద్రతను నిర్ణయిస్తుందన్న 1909 నాటి నివేదిక సారాంశమే వాటిలో పునరావృతమైనది.

స్థానిక సంస్థల బాధ్యత

విపత్తుల నిర్వహణ చట్టం, 2005 ప్రకారం జిల్లా కలెక్టరు అధ్యక్షతన, ఎన్నికైన స్థానిక సంస్థ ప్రతినిధి సహాధ్యక్షులుగా జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థ ఏర్పాటైనది. అదే చట్టంలోని 41వ సెక్షను స్థానిక సంస్థల విధులను నిర్దేశించింది. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, సామగ్రిని ఎల్లవేళలా సిద్ధంగా ఉంచడం, తమ పరిధిలోని నిర్మాణాలు విపత్తు నివారణ ప్రమాణాలకు అనుగుణంగా ఉండేలా చూడడం వీటిలో ఉన్నాయి. నగర వరదలపై జాతీయ విపత్తుల నిర్వహణ సంస్థ 2010లో ప్రత్యేక మార్గదర్శకాలను వెలువరించింది. 2025లో జరిగిన చట్ట సవరణ పెద్ద నగరాలకు ప్రత్యేక పట్టణ విపత్తుల నిర్వహణ సంస్థలను ఏర్పాటు చేసుకునే వీలు కల్పించింది.

చట్టాలు ఇచ్చిన ఈ అధికారాలకు విశ్వేశ్వరయ్య కార్యవిధానాన్ని జోడించినపుడే ప్రయోజనం చేకూరుతుంది. ప్రతి పురపాలక సంఘం తన ఎగువన ఉన్న చెరువులు ఎన్ని, వాటి కట్టల, అలుగుల పరిస్థితి ఏమిటి అన్న జాబితాను వర్షాకాలానికి ముందే తాజాపరచుకోవాలి. గత వరదలలో నీరు చేరిన మట్టాన్ని వీధుల వారీగా గుర్తించి, ఆ మట్టానికి దిగువన ఉన్న నీటి పంపింగ్ కేంద్రాలు, విద్యుత్ ఉపకేంద్రాలు, ఆసుపత్రుల జనరేటర్లు, ఔషధ నిల్వలు ఏవో తెలుసుకోవాలి. ఒక వంతెన మూతపడితే అంబులెన్సు ఏ దారిన వెళ్లాలో ముందుగానే నిర్ణయించాలి. 1908లో వంతెనలు తెగినప్పుడు నగరం రెండు ముక్కలైన సంగతి ఇందుకు హెచ్చరిక. జలాశయం నుండి నీరు వదిలే అధికారికి, దిగువన ప్రజలను ఖాళీ చేయించే అధికారికి మధ్య సమాచారం గంటలలో కాక నిమిషాలలో చేరాలి.

ఈ పనులలో చాలా వాటికి భారీ నిధులు అక్కరలేదు. సుక్కూరులో వలె ఉన్న వనరులతోనే సాధించదగినవి అనేకం ఉన్నాయి. అయితే అవి ప్రారంభోత్సవాలకు, శిలాఫలకాలకు నోచుకునే పనులు కావు. విజయవంతమైన వరద రక్షణకు సాక్ష్యం ఏమీ జరగకపోవడమే కనుక వాటికి ప్రశంస కూడా తక్కువే. పాత్రికేయ మిత్రులు వరద వచ్చిన రోజున మాత్రమే కాక, వేసవిలో నాలాల పూడికతీత, చెరువు కట్టల తనిఖీ జరుగుతున్నదా లేదా అన్న విషయంపై కూడా దృష్టి సారించినట్లయితే ప్రజలకు ఎంతో మేలు కలుగుతుంది.

హైదరాబాదు నగరం ఖైరతాబాదు కూడలిలో విశ్వేశ్వరయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించుకొని తన కృతజ్ఞతను చాటుకున్నది. ఏటా సెప్టెంబరు 15న అక్కడ పుష్పాంజలి ఘటించిన పదమూడు రోజులకే 1908 వరద వార్షికదినం వస్తుంది. ఆ రెండు తేదీల నడుమ ప్రతి జిల్లాలో, ప్రతి పురపాలక సంఘంలో ఇంజనీర్లు, రెవెన్యూ అధికారులు, ప్రజాప్రతినిధులు కలిసి తమ చెరువుల జాబితాను, వరద మట్టాలను, అత్యవసర ప్రణాళికను ఒకసారి సమీక్షించుకోవడం ఆ మహనీయునికి సముచితమైన నివాళి కాగలదు.